తరంగంబాడి నక్ష: ఒక పని దినచర్య

జనవరి 6, గుంటూరు

పదవీ విరమణ తరువాత మూలన పడి ఉన్న డ్రాయింగు బల్లను ఈ రోజు ముందుగదిలో కిటికీ పక్కకు జరిపించి, దుమ్ము దులిపి, టీ స్క్వేరు అంచు ఇంకా తిన్నగానే ఉందో లేదో గీత గీసి చూసుకున్నాను. నీటిపారుదల శాఖలో ముప్ఫై ఏళ్ళ పాటు కాలువల నక్షలు, తూముల నక్షలు గీసిన చేతితో ఈసారి నా ఇష్టప్రకారం ఒక నక్ష గీయాలన్నది సంకల్పం. తమిళనాడు తీరంలో, కారైక్కాల్‌కు ఉత్తరాన ఉన్న తరంగంబాడి అనే చిన్న ఊరిని, అక్కడి రెండు పాత క్రైస్తవ ఆలయాలను (చర్చిలను), కోటను, ఒడ్డును ఒకే కాగితం మీద, పేర్లన్నీ తెలుగులో ఉండేలా గీయాలి.

కారణం చెప్పాలి. మా లూథరన్ సంఘంలో పిల్లలకు చరిత్ర చెప్పేటప్పుడు 1842 జూలై 31న అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరుకు రావడంతో మొదలు పెడతాము. కాని అంతకు 136 ఏళ్ళ ముందే, 1706 జూలై 9న, బార్తలోమియస్ జీగెన్‌బాల్గ్, హైన్‌రిష్ ప్లూట్‌షౌ అనే ఇద్దరు యువ జర్మన్ గురువులు డెన్మార్క్ రాజు నాల్గవ ఫ్రెడెరిక్ పంపగా, అప్పట్లో డెన్మార్క్‌వారి (డేనుల) స్థావరమైన తరంగంబాడి ఒడ్డున దిగారు. అక్కడి నుంచి తెలుగు దాకా వచ్చిన దారి కూడా ఒకటి ఉంది. 1719లో తరంగంబాడికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసుకు మారి, అక్కడ తెలుగు నేర్చుకుని, బైబిలును తెలుగులోకి అనువదించి, 1743లో జర్మనీకి తిరిగి వెళ్ళి, 1746లో హాలె నగరంలో తెలుగు అక్షరాలతో పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు అచ్చు చరిత్ర చెప్పేవారు అక్కడి నుంచే మొదలు పెడతారు. ఇంత దగ్గరి సంబంధం ఉన్న ఊరికి తెలుగులో పేర్లు రాసిన ఒక్క నక్ష కూడా మా పిల్లల చేతికి ఇవ్వలేకపోవడం నాకు చాలాకాలంగా లోటుగా అనిపిస్తున్నది.

జనవరి 11, గుంటూరు

ఈ వారం చేసినది ముఖ్యంగా అంగల లెక్క. ఊరంతా టేపు పట్టుకుని కొలవడానికి ఇద్దరు మనుషులు, చాలా రోజులు కావాలి. వీధుల పొడవును అంగలతో కొలిచి, ముఖ్యమైన చోట్ల మాత్రం టేపుతో సరిచూసుకునే పద్ధతి ఇంత చిన్న ఊరికి సరిపోతుంది. పాఠశాల మైదానంలో 100 మీటర్లు టేపు పరిచి ఎనిమిది సార్లు మామూలు నడకతో నడిచాను. సగటున 138 అంగలు వచ్చాయి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో 126 వచ్చేవి.

ఉపగ్రహ చిత్రాన్ని కిందపెట్టి దించుకోవచ్చు కదా అని మా మేనల్లుడు అడిగాడు. పైనుంచి తీసిన చిత్రంలో కప్పులు, చెట్ల గుబుర్లు కనిపిస్తాయి గాని గోడ ఎక్కడ మొదలైందో, గుమ్మం ఎటు ఉందో తెలియదు. పైగా నడిచి కొలిచిన వీధి మనసులో నిలిచినంతగా దించుకున్న గీత నిలవదు. అతడు నాతో రావడానికి ఒప్పుకున్నాడు. టేపు రెండో కొస పట్టుకునే మనిషి దొరికాడు.

జనవరి 19, తరంగంబాడి

మద్రాసు మీదుగా మయిలాడుతురై చేరి, అక్కడి నుంచి బస్సులో పొరయారు దాకా వచ్చి దిగాము. ఒకప్పుడు మయిలాడుతురై నుంచి తరంగంబాడి దాకా మీటరు గేజి రైలు నడిచేది. 1980లలో ఆ మార్గం మూతపడింది.

ఊరిలోకి వెళ్ళే దారి ఒక తెల్లని ద్వారం గుండా సాగుతుంది. 1792లో కట్టిన ఈ ద్వారాన్ని డేనిష్ భాషలో లాండ్‌పోర్టెన్, అంటే నేలవైపు వాకిలి, అంటారు. దీన్ని దాటగానే కింగ్స్ స్ట్రీట్ మొదలై తూర్పుగా, సముద్రం వైపు సాగుతుంది. నక్షలో దీనికి 'రాజవీధి' అని పేరు పెట్టుకున్నాను. ఇంతకు ముందు చూసిన తీరపు ఊళ్ళన్నీ సముద్రాన్ని చూసి తరువాత ఊరిలోకి వెళ్ళేవి. ఇక్కడ ఊరంతా దాటితే గాని సముద్రం కనబడదు. కాని మొదటి అంగ నుంచే దాని హోరు వినిపిస్తూ ఉంటుంది. తరంగంబాడి అంటే అలలు పాడే ఊరని ఇక్కడివారు అర్థం చెబుతారు.

సియోను ఆలయం, నూతన యెరూషలేము ఆలయం రెండూ ఈ వీధిలోనే ఉన్నాయి. ఒకే పొలం గట్టున ఎదిగిన రెండు తాడిచెట్లలా దగ్గర దగ్గరగా ఉన్నా వీటి పుట్టుక వేరు. సియోను 1701లో, ఇక్కడ స్థిరపడిన డేనుల ఆరాధన కోసం, మిషనరీలు రాకముందే కట్టినది. నూతన యెరూషలేము జీగెన్‌బాల్గ్ ఈ దేశపు విశ్వాసుల సంఘం కోసం కట్టించినది. 1717 ఫిబ్రవరిలో పునాది వేసి 1718 అక్టోబరు 11న ప్రతిష్ఠించారు. నేడు సియోను దక్షిణ ఇండియా సంఘానిది, యెరూషలేము తమిళ లూథరన్ సంఘానిది. నక్షలో రెండింటికీ ఒకే రంగు వేయాలనుకున్న ఆలోచనను వీధిలో నిలబడి ఉండగానే మానుకున్నాను. ఒకటి పాలకుల ఆలయం, రెండోది ప్రజల ఆలయం. చూసేవారికి ఆ తేడా రంగులోనే తెలియాలి.

జనవరి 20, తరంగంబాడి

ఈ రోజు పనిలో ఎక్కువ భాగం చుట్టు కొలత. నేలవైపు వాకిలి దగ్గర బయలుదేరి, రాజవీధి పొడవునా కోట ముందరి మైదానం వరకు, అక్కడి నుంచి ఒడ్డు వెంట కొంత దూరం, తిరిగి రాణివీధి (క్వీన్స్ స్ట్రీట్) మీదుగా వాకిలికి. ప్రతి మలుపు దగ్గర దిక్సూచితో ముందుచూపు, వెనకచూపు రెండూ తీసుకున్నాము. ఒకే గీతకు రెండు కొసల నుంచి తీసిన దిశల మధ్య సరిగ్గా 180 డిగ్రీల తేడా రావాలి. రాజవీధిలో వచ్చింది. కోట దగ్గర మాత్రం ఏడు డిగ్రీలు తప్పింది. మూడుసార్లు తీసినా అంతే. దిక్సూచి చెడిపోయిందేమోనని కంగారు పడ్డాను. అప్పుడు మా మేనల్లుడు, "మామయ్యా, మీరు ఆనుకుని నిలబడింది ఫిరంగిని" అన్నాడు. డాన్స్‌బోర్గ్ కోట ముందున్న పాత ఇనుప ఫిరంగులు సూదిని తమ వైపు లాగాయి. పదిహేను మీటర్లు ఎడంగా జరిగి మళ్ళీ తీస్తే తేడా ఒక డిగ్రీలోపు వచ్చింది. కాలువ గట్ల మీద ఫిరంగులు ఉండవు గనుక ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు ఈ పాఠం తగలలేదు.

సాయంత్రం బసలో కూర్చుని లెక్క వేస్తే చుట్టు కలవలేదు. బయలుదేరిన బిందువుకు, తిరిగి చేరిన బిందువుకు మధ్య కాగితం మీద మంచి సందే మిగిలింది. దిశలు సరిచేశాక కూడా మిగిలిందంటే తప్పు దూరాలలో ఉండాలి.

జనవరి 21, తరంగంబాడి

తప్పు ఇసుకలో దొరికింది. తెల్లవారుజామున ఒడ్డున 100 మీటర్ల టేపు పరిచి నడిస్తే 151 అంగలు పట్టాయి. ఇసుకలో మడమ దిగబడి అంగ కురుచ అవుతుంది. నేను గట్టి నేల లెక్కతో ఒడ్డు దూరాన్ని పెంచి రాసుకున్నాను. ఆ భాగానికి ఇసుక లెక్క వేసి, మిగిలిన కొద్ది తేడాను ప్రతి భుజానికీ దాని పొడవును బట్టి పంచాను. చుట్టు కలిసింది.

తరువాత ఒడ్డు గీత సంగతి. వీధి, గోడ, గుమ్మం రేపు వచ్చి కొలిచినా అక్కడే ఉంటాయి. నీటి అంచు పొద్దున ఒక చోట, సాయంత్రం ఇంకొక చోట. కోటకు ఉత్తరాన, ఒడ్డున ఉన్న మాసిలామణినాథస్వామి గుడి దీనికి సాక్ష్యం. 14వ శతాబ్దపు తొలినాళ్ళలో, మారవర్మ కులశేఖర పాండ్యుని కాలంలో వెలసిన ఈ గుడి తూర్పు భాగాన్ని సముద్రం ఎప్పుడో కోసుకుపోయింది. మిగిలిన భాగం ముందు ఇప్పుడు బండరాళ్ళ కట్ట ఉంది. జీగెన్‌బాల్గ్ మొదట 1707లో కట్టిన యెరూషలేము ఆలయం సైతం ఇప్పుడు లేదు. పెరిగిన సంఘానికి అది చాలలేదు, సముద్రమూ దాన్ని వదలలేదు. అందుకే రెండో ఆలయానికి నూతన యెరూషలేము అని పేరు. గుడిలో సగం, తొలి ఆలయం మొత్తం నీటి పాలైన ఊరికి నక్ష గీస్తూ ఒడ్డును ఒకే గీతతో తేల్చేయడం నాకు సరి అనిపించలేదు.

2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఒడ్డున ఉన్న జాలరుల ఇళ్ళను తుడిచిపెట్టింది. మేము కొలతలు తీస్తున్న చోట వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన మా టేపును చూసి, ఆ రోజు నీరు ఎక్కడిదాకా వచ్చిందో చేయి చాచి చూపించాడు. ఏమీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

జనవరి 22, తరంగంబాడి

ఆదివారం. ఆరాధన ముగిసిన తరువాత సంఘ పెద్దల అనుమతితో నూతన యెరూషలేము లోపల, బయట కొలతలు తీసుకున్నాము. ఈ ఆలయం నేల నక్ష సిలువ ఆకారం. నాలుగు చేతులు మధ్యలో కలుస్తాయి. ముఖభాగం మీద పైన రాజు కిరీటంతో కూడిన నామముద్ర, 1718 అనే సంవత్సరం ఉన్నాయి. జర్మన్ గురువు తమిళ సంఘం కోసం కట్టించిన ఆలయం మీద డెన్మార్క్ రాజు ముద్ర ఎందుకుందో పిల్లలకు వివరించాలి గనుక దాన్ని నక్షలో పెద్దదిగా, విడిగా గీయాలని నిర్ణయించుకున్నాను.

ముఖభాగం ఎత్తుకు నిచ్చెన అవసరం లేకుండా నీడతో కొలిచే పాత పద్ధతి వాడాము. రెండు మీటర్ల వెదురుగడను లంబంగా నిలబెట్టి దాని నీడను, అదే నిమిషంలో ఆలయపు నీడను కొలిచి, నిష్పత్తి కట్టాము. ఇందులో ఆలస్యం పనికిరాదు. రెండు కొలతల మధ్య పది నిమిషాలు గడిస్తే నీడ మారిపోతుంది. అందుకని అతడు గడ దగ్గర, నేను గోడ దగ్గర నిలబడి, నేను చేయి ఎత్తగానే ఇద్దరమూ ఒకేసారి గుర్తు పెట్టాము. మూడు సార్లు తీస్తే మూడూ బెత్తెడు తేడాలో వచ్చాయి.

జీగెన్‌బాల్గ్ సమాధి ఈ ఆలయం లోపల, బలిపీఠం దగ్గర ఉంది. 1719 ఫిబ్రవరి 23న, తాను కట్టించిన ఆలయం ప్రతిష్ఠ జరిగి అయిదు నెలలైనా నిండకముందే, 36 ఏళ్ళ వయసులో ఆయన మరణించాడు. ఆయనతో పనిచేసిన గ్రుండ్లర్ మరుసటి సంవత్సరం మరణించగా ఇక్కడే ఖననం చేశారు. అక్కడ నిలబడి టేపు చుట్టుకుంటూ ఉండగా, ఆయన ఈ ఊరికి వచ్చిన తరువాతి పన్నెండు చిల్లర ఏళ్ళలో ఏమేమి జరిగిందో తలచుకున్నాను. భాష నేర్చుకున్నాడు. ఊరి అధికారితో విభేదించి నాలుగు నెలలు అదే డాన్స్‌బోర్గ్ కోటలో బందీగా ఉన్నాడు. అచ్చుయంత్రం తెప్పించాడు. హాలె నుంచి వచ్చిన తమిళ అచ్చు అక్షరాలు మరీ పెద్దవై కాగితం చాలకపోతే, చిన్న అక్షరాలు ఇక్కడే పోత పోయించారు. 1715 నాటికి తమిళ కొత్త నిబంధన అచ్చు పూర్తయింది. పాత నిబంధనను రూతు గ్రంథం దాకా అనువదించి ఆయన ఆగిపోతే, మిగిలినది పూర్తి చేసినవాడు మన షుల్జే.

జనవరి 30, గుంటూరు

ఇంటికి వచ్చాక మొదటి పని, కొలతల పుస్తకంలోని అంకెలను శుభ్రంగా మరో పుస్తకంలోకి ఎక్కించడం. ఎండిన చెమటకు, ఇసుకకు కొన్ని అంకెలు మసకబారాయి. అక్కడికక్కడే రాత్రికి రాత్రి నకలు రాసుకోవాలన్నది ఉద్యోగంలో కిందివారికి నేనే చెప్పిన నియమం. ఈసారి పాటించలేదు. రెండు కొలతలను ఫొటోలలో కనిపించే వెదురుగడ ఆధారంగా తిరిగి లెక్కించుకోవలసి వచ్చింది.

ఏ1 కాగితం మీద ఊరి నక్ష మధ్యలో, ఎడమ చేతివైపు రెండు ఆలయాల ముఖభాగాలు, కింద కుడిమూలన సిలువ ఆకారపు నేల నక్ష. పెన్సిలు గీతలు పూర్తి కావడానికి పది రోజులు పట్టేలా ఉంది.

ఫిబ్రవరి 12, గుంటూరు

పేర్లు రాసే పని అనుకున్నదానికన్నా కష్టంగా ఉంది. కోట పక్కన ఏమి రాయాలి? 1620 నవంబరులో డేనిష్ నౌకాధిపతి ఓవె గ్యెడ్డె తంజావూరు నాయకరాజు రఘునాథునితో ఒప్పందం చేసుకున్నాడు. దాని మేరకే కోట లేచింది. మన వాళ్ళకు రఘునాథ నాయకుడు తెలుగు కవిగా, కవులను పోషించిన రాజుగా తెలుసు. ఒక తెలుగు కవిరాజు ఇచ్చిన నేల మీదనే ఆ తరువాత శతాబ్దంలో ఈ ఆలయాలు లేచాయని పిల్లలకు తెలియడం నాకు ముఖ్యం. ఆయన డెన్మార్క్ రాజుకు బంగారు రేకు మీద రాయించి పంపిన తమిళ లేఖ కోపెన్‌హేగన్‌లో నేటికీ భద్రంగా ఉంది. ఈ రెండు వాక్యాలనూ కోట బొమ్మ కింద రాశాను.

1845లో డేనులు ఈ ఊరిని, బెంగాలులోని శ్రీరాంపురంతో కలిపి, పన్నెండున్నర లక్షల రూపాయలకు ఇంగ్లీషు కంపెనీకి అమ్మేశారు. 1861లో నాగపట్నానికి రైలు వచ్చాక వర్తకం అటు తరలిపోయింది. రేవు వెలవెలబోయింది. ఊరు చిన్నదిగా మిగిలింది. బహుశా అందుకే రెండు ఆలయాలనూ, వీధులనూ ఎవరూ పడగొట్టి కొత్తవి కట్టలేదు.

ఫిబ్రవరి 19, గుంటూరు

సిలువ ఆకారపు నేల నక్షకు వివరణ రాయడం దగ్గర మూడు రోజులు ఆగిపోయాను. 18వ శతాబ్దంలో ఈ సంఘంలో కులాన్ని బట్టి వేరు వేరు చోట్ల కూర్చునేవారు. బాప్తిస్మం పొందినా కూర్చునే చోటు మారలేదు. ఆలయం లోపల నిలబడి చూసినప్పుడు నాలుగు చేతుల నుంచీ చూపు బలిపీఠం వైపే పోతుంది గాని, ఒక చేతిలో ఉన్నవారికి ఇంకొక చేతిలో ఉన్నవారు దూరంగానే ఉంటారు.

"మామయ్యా, పిల్లల నక్షలో ఇది రాయాలా?" అని మేనల్లుడు అడిగాడు. మా సంఘంలో ఒక పెద్దాయన కూడా వద్దనే అన్నారు. మంచి సంగతులు చాలా ఉండగా ఇది ఎందుకన్నది ఆయన మాట. నేను ఒప్పుకోలేదు. 1733 డిసెంబరు 28న ఇదే ఊళ్ళో ఆరోను అనే తమిళుడు గురువుగా అభిషేకం పొందాడని, ఈ దేశంలో ప్రొటెస్టెంటు సంఘానికి గురువైన మొదటి భారతీయుడు ఆయనేనని మనం గర్వంగా రాస్తున్నప్పుడు, అదే ఆలయంలో మనుషులు విడివిడిగా కూర్చున్న సంగతి దాచిపెడితే నక్ష తప్పు చెప్పినట్టే. కాలువ నక్షలో గండి పడిన చోటు చూపకపోతే ఆ నక్ష ఎవరికీ ఉపయోగపడదు. రెండు వాక్యాలూ పక్క పక్కనే, ఒకే పరిమాణపు అక్షరాలలో రాశాను. పెద్దాయన చదివి, కాసేపు ఆలోచించి, "సరే బాబూ, ఉంచు" అన్నారు.

మార్చి 4, గుంటూరు

సిరా పని. వీధులకు 0.5 మిల్లీమీటర్ల మొన, గోడలకు 0.7, వివరాలకు 0.25. తెలుగు అక్షరాల దగ్గర 0.25 కూడా లావైంది. 'ర్గ్', 'ష్ఠ' వంటి వత్తులు ముద్దగా అంటుకుపోయాయి. అక్షరాల ఎత్తు మూడు మిల్లీమీటర్ల నుంచి నాలుగున్నరకు పెంచి, తలకట్టుకూ వత్తుకూ మధ్య తెల్లకాగితం కనిపించేటట్లు మళ్ళీ రాశాను. తరంగంబాడిలో పెద్ద తమిళ అక్షరాలను చిన్నవిగా పోత పోయించినవారు పడిన కష్టం నాకు తిరుగుమార్గంలో ఎదురైంది. హాలెలో తెలుగు అక్షరాలకు అచ్చులు చెక్కించిన షుల్జ్ మన గుణింతాలతో ఎంత పోరాడి ఉంటాడో ఈ రోజు వేళ్ళకు తెలిసింది.

సియోనుకు నీలం, నూతన యెరూషలేముకు కావిరంగు. లేనివాటికి చుక్కల గీత అన్నది మా శాఖలో వాడుక. గుడి తూర్పు భాగానికి అది వాడాను. 1707 నాటి తొలి ఆలయానికి మాత్రం చుక్కల గీతతోనైనా చోటు నిర్ణయించే పని పెట్టుకోకుండా, దాని పేరును, సంవత్సరాన్ని సముద్రపు భాగంలో, నీళ్ళ రంగు కన్నా ఒక పాలు ముదురుగా రాశాను.

మార్చి 9, గుంటూరు

అన్నీ సిరాతో ముగిశాయి, ఒడ్డు గీత తప్ప. దాన్ని పెన్సిలుతోనే ఉంచి, పక్కన 'జనవరి 21, ఉదయం ఆరున్నర గంటలకు నీటి అంచు' అని రాశాను. వచ్చే ఏడు ఈశాన్య రుతుపవనాలు వెళ్ళాక, జనవరిలో మళ్ళీ వెళ్ళి, అదే నాలుగు గుర్తుల నుంచి, అంటే కోట మూల, గుడి ద్వారం, రాణివీధి చివర, రాజవీధి చివర నుంచి, నీటిదాకా టేపుతో కొలిచి రెండో గీత గీస్తాను. ఈసారి ఇసుకలో అంగలు వాడను.

నకళ్ళు నాలుగు తీయించాను. ఒకటి మా సంఘపు ఆదివారపు బడి గోడకు. ఒకటి వల బాగు చేసుకుంటున్న ఆ పెద్దాయనకు. ఆయన పేరు అడగనేలేదు గాని, ఆ ఒడ్డున ఆయన కూర్చునే చోటు నక్షలో ఉంది. మేనల్లుడు వచ్చే నెల పని మీద కారైక్కాల్ వెళుతున్నాడు. గొట్టంలో చుట్టి అతనికి ఇచ్చాను.